టార్పాలిన్ ప్లాస్టికా? బట్టా? దిగుమతి సుంకం తేల్చేది ఎలాగంటే..

యాసంగి కోతలు మొదలయ్యాయంటే బాన్సువాడ చుట్టుపక్కల కొనుగోలు కేంద్రాల్లో వడ్ల కుప్పల మీద టార్పాలిన్లు కనిపిస్తాయి. మబ్బు పట్టిందంటే చాలు, రైతు ముందు వెతికేది ఆ కవర్ కోసమే. దాన్ని చూసిన ఎవరైనా ప్లాస్టిక్ అనే అంటారు. కానీ అదే సరుకు విదేశం నుంచి ఓడలో వస్తే కస్టమ్స్ ఆఫీసర్ అంత తొందరగా ఆ మాట అనడు. ఇది ప్లాస్టికా, బట్టా అని ముందు తేల్చుకుంటాడు. ఆ తేడా మీదే సుంకం ఆధారపడి ఉంటుంది.

టార్పాలిన్ ఒక్కటే కాదు. నిజాంసాగర్ ఆయకట్టులో తిరిగే రైతుకైనా, రైస్ మిల్లు నడిపే యజమానికైనా రోజూ ప్లాస్టిక్ సరుకుతో పని పడుతుంది. పీవీసీ పైపు, బాల్ వాల్వ్, డ్రిప్ లాటరల్, ధాన్యం పైకి ఎత్తే ఎలివేటర్ బకెట్, కన్వేయర్ బెల్ట్.. దుకాణంలో అన్నీ ప్లాస్టిక్ సామానే. కస్టమ్స్ పుస్తకంలో మాత్రం ఒక్కోదానిది ఒక్కో గూడు. తప్పు గూట్లో పెట్టి సుంకం తక్కువ కడితే రెండేళ్ల తర్వాత కూడా నోటీసు ఇంటికి రావచ్చు. ఎక్కువ కడితే ఆ భారం సరుకు ధరలో కలిసి చివరికి కొనేవాడి మీద పడుతుంది.

మేం దిగుమతి చేసుకోవట్లేదు కదా, మాకెందుకు ఈ గొడవ అనుకునే వ్యాపారులు ఉంటారు. జీఎస్టీ బిల్లు మీద వేసే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ కూడా ఈ కస్టమ్స్ టారిఫ్ నుంచి తీసుకున్నదే. జీఎస్టీ రేట్ల నోటిఫికేషన్లు కస్టమ్స్ టారిఫ్ చట్టంలోని నియమాలనే వాడుకోవాలని చెప్తాయి. 2021 ఏప్రిల్ 1 నుంచి 5 కోట్లు దాటిన టర్నోవర్ ఉంటే 6 అంకెలు, అంతకంటే తక్కువైతే వ్యాపారులకు ఇచ్చే బిల్లుల్లో 4 అంకెలు తప్పనిసరి. అంటే పట్టణంలో పైపుల దుకాణం నడిపేవారికీ ఈ లెక్క తెలిసి ఉండాల్సిందే.

అసలేంటీ 8 అంకెలు?

ప్రపంచ కస్టమ్స్ సంస్థ తయారుచేసిన హార్మొనైజ్డ్ సిస్టమ్ 1988 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మొదటి 6 అంకెలు దీన్ని పాటించే దేశాలన్నిటికీ ఒకటే. ఆ తర్వాతి అంకెలు ఏ దేశానికి ఆ దేశం పెట్టుకుంటుంది. మన దగ్గర 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం మొదటి షెడ్యూల్‌లో మొత్తం 8 అంకెలు ఉంటాయి.

3917 40 00 అనే కోడ్ తీసుకుందాం. 39 అంటే ప్లాస్టిక్ చాప్టర్. 3917 అంటే ట్యూబులు, పైపులు, హోస్‌లు, వాటి ఫిట్టింగులు. 40 అంటే ఫిట్టింగులు. చివరి 00 అంటే మన దేశంలో దాన్ని ఇంకా విడగొట్టలేదని అర్థం. అందుకే చైనా సప్లయర్ ఇన్వాయిస్ మీద వేసిన పొడవాటి కోడ్‌ని అలాగే దించేసుకుంటే పని జరగదు. ఆరు అంకెల తర్వాత వాళ్ల లెక్క వేరు, మన లెక్క వేరు. మొదటి ఆరు కూడా సప్లయర్ సరిగ్గా వేశాడన్న గ్యారంటీ లేదు. వాళ్ల దేశంలో ఎగుమతి రాయితీ ఏ కోడ్‌కి ఎక్కువుంటే దాని వైపు మొగ్గే అవకాశం ఉంటుంది.

39వ చాప్టర్‌లో 3901 నుంచి 3914 వరకు ముడి రూపాలు. అంటే గ్రాన్యూల్స్, పౌడర్, ద్రవాలు, ఫ్లేక్స్. 3915 స్క్రాప్. 3916 నుంచి 3921 వరకు రాడ్లు, పైపులు, షీట్లు, ఫిల్మ్‌లు, అతుక్కునే టేపుల లాంటివి. 3922 నుంచి తయారైన వస్తువులు. సరుకు రవాణాకు, ప్యాకింగ్‌కు వాడే క్రేట్లు, సీసాలు, సంచులు 3923లో ఉంటాయి. 300 లీటర్లు దాటిన నీళ్ల ట్యాంకు 3925 కిందికి వస్తుంది. వీటిలో ఎక్కడా ఇమడనివన్నీ 3926లో పడతాయి. వివాదాలు ఎక్కువగా పుట్టేది ఈ చివరి గూట్లోనే. ఏం చేయాలో తోచక చాలామంది 3926 90 99 అని రాసేస్తారు. ఆ ‘ఇతరాలు’ అనే మాట వాడే ముందు మిగతావన్నీ చూశాకే ఆఖరికి ఇక్కడికి రావాలి.

ఎంత తేడా వస్తుంది?

ఉదాహరణకు 10 లక్షల విలువైన ప్లాస్టిక్ విడిభాగాలు వచ్చాయనుకుందాం. ఒక గూటి కింద బేసిక్ సుంకం 15 శాతం, ఇంకో గూటి కింద 7.5 శాతం, ఐజీఎస్టీ రెండింటికీ 18 శాతం అనుకుందాం.

15 శాతమైతే బేసిక్ సుంకం 1,50,000. దాని మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జ్ 15,000. మొత్తం 11,65,000 మీద 18 శాతం ఐజీఎస్టీ అంటే 2,09,700. అన్నీ కలిపితే 3,74,700 రూపాయలు. 7.5 శాతమైతే ఇదే లెక్కన 75,000, 7,500, 1,94,850 వేసి మొత్తం 2,77,350. అంటే తేడా 97,350. ఇందులో ఐజీఎస్టీ వరకు తేడా 14,850 రూపాయలే, అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వచ్చేస్తుంది. మిగిలిన 82,500 రూపాయలు మాత్రం తిరిగి రావు. నేరుగా లాభంలోంచి పోయినట్టే. చిన్న దిగుమతిదారుకి ఒక కంటెయినర్ మీద మిగిలే మొత్తమే అంత ఉండొచ్చు.

రేట్లు ఏటా మారతాయని కూడా గుర్తుపెట్టుకోవాలి. 2024 జులై 23 బడ్జెట్‌లో పీవీసీ ఫ్లెక్స్ బ్యానర్ల మీద బేసిక్ సుంకాన్ని 10 నుంచి 25 శాతానికి పెంచుతున్నట్టు ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. పర్యావరణానికి చేటని చెప్పి దిగుమతులు తగ్గించడానికే ఆ నిర్ణయం. ఆ తర్వాత మామూలు పీవీసీ షీటు తెప్పించే వ్యాపారికి కూడా, తన సరుకు ఫ్లెక్స్ కాదని చూపించుకోవాల్సిన పరిస్థితి వచ్చింది.

ఎల్బో ఒక చోట, వాల్వ్ ఇంకో చోట

బోరు దగ్గర నిలబడి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పైపుకి తగిలించే ఎల్బో, టీ, కప్లర్ అన్నీ 3917లో ఫిట్టింగులు. అదే పైపు మీద నీళ్లు ఆపడానికి తిప్పే బాల్ వాల్వ్ కూడా అదే పీవీసీతో, అదే రంగులో ఉంటుంది. కానీ అది 8481లోకి వెళ్తుంది. కుళాయిలు, కాక్‌లు, వాల్వ్‌లకు టారిఫ్‌లో ప్రత్యేకమైన హెడ్డింగ్ ఉంది. అది ఇత్తడిదా, ప్లాస్టిక్‌దా అని ఆ హెడ్డింగ్ చూడదు.

దీనికి కారణం 39వ చాప్టర్ మొదట్లోనే రాసి ఉన్న నోట్ 2. ఏవి ప్లాస్టిక్‌తో చేసినా ప్లాస్టిక్ చాప్టర్‌లోకి రావో అందులో జాబితా ఉంది. యంత్రాలు, వాటి సామగ్రి ఉన్న 16వ సెక్షన్ వస్తువులు రావు. వాహనాల భాగాలు రావు. జౌళి సెక్షన్ వస్తువులు రావు. అంటే ఏ పదార్థంతో చేశారన్న ప్రశ్నకి ఇక్కడ రెండో స్థానమే.

అలాగని యంత్రంలో వాడేదల్లా యంత్ర భాగం అయిపోదు. రైస్ మిల్లు ఎలివేటర్‌నే తీసుకుందాం. ధాన్యం ఎత్తే ప్లాస్టిక్ బకెట్‌ని ఆ ఎలివేటర్ కోసమే ప్రత్యేకంగా తయారు చేస్తారు. కేవలం లేదా ప్రధానంగా ఒక రకం యంత్రానికే పనికొచ్చే భాగం ఆ యంత్రంతో పాటు వెళ్లాలని 16వ సెక్షన్ నోట్ 2 చెప్తుంది. కాబట్టి బకెట్ 84వ చాప్టర్ వైపు నడుస్తుంది. ఆ బకెట్లను బిగించే బెల్టు ప్లాస్టిక్‌దైతే? అది వెనక్కి 39కే వస్తుంది. ప్లాస్టిక్ కన్వేయర్, ట్రాన్స్‌మిషన్ బెల్టులు ఈ సెక్షన్‌లోకి రావని అదే సెక్షన్ మొదటి నోట్ స్పష్టంగా రాసింది. ఆ బకెట్‌ని బెల్టుకి బిగించే ప్లాస్టిక్ నట్టు, బోల్టు? అవి ఎక్కడైనా వాడే సాధారణ సామాను. అందుకని అవి కూడా 39లోనే. ఒకే డబ్బాలో వచ్చిన మూడు వస్తువులకి మూడు సమాధానాలు. డబ్బా మీద ‘మిషనరీ పార్ట్స్’ అని ఒకే లైన్ రాసి పంపితే ఎందుకు ఇరుక్కుంటారో ఇక్కడే తెలిసిపోతుంది.

5 మిల్లీమీటర్ల గీత

ఇక టార్పాలిన్ సంగతి. హెచ్‌డీపీఈ టార్పాలిన్‌ని దగ్గరగా చూస్తే సన్నటి ప్లాస్టిక్ పట్టీలతో నేసి ఉంటుంది. ఆ పట్టీ వెడల్పు 5 మి.మీ. దాటితే టారిఫ్ దాన్ని ప్లాస్టిక్ అంటుంది. దాటకపోతే జౌళి పదార్థం అంటుంది. దానితో నేసింది బట్టే. పోగుల్లాంటి మోనోఫిలమెంట్‌కైతే గీత 1 మి.మీ. దగ్గర ఉంది. కూరగాయల తోటల మీద కట్టే షేడ్‌నెట్‌కీ ఇదే కొలత. మగ్గం మీద నేసిందీ, మెషిన్ మీద అల్లిందీ ప్లాస్టిక్ పోగే అయినా బట్టల సెక్షన్‌లోకి వెళ్లిపోవచ్చు. 6306 హెడ్డింగ్‌లో టార్పాలిన్లు పేరు పెట్టి ఉన్నాయి కూడా.

అయితే కథ ఇక్కడ ముగియదు. నీళ్లు దిగకుండా ఆ బట్టకి రెండు వైపులా ప్లాస్టిక్ పూత వేస్తారు. 59వ చాప్టర్ నోట్ 2 ప్రకారం రెండు వైపులా పూర్తిగా పూత వేసి, ఆ పూత మామూలు కంటికి కనిపిస్తే అది మళ్లీ 39వ చాప్టర్ సరుకే. ఇందులో ఓ మెలిక ఉంది. రంగు మారడాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. నీలం రంగు వచ్చింది కాబట్టి పూత కనిపిస్తోంది అంటే కుదరదు. పూత పొర కంటికి కనబడాలి. భూతద్దం పెట్టి చూడకూడదు. కోట్ల రూపాయల సుంకం కంటి చూపు మీద ఆధారపడే పరీక్ష బహుశా టారిఫ్ మొత్తంలో ఇదొక్కటే విచిత్రంగా అనిపిస్తుంది. అందుకే ఇలాంటి సరుకు వచ్చినప్పుడు కస్టమ్స్ వాళ్లు శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపుతారు. పట్టీ వెడల్పు ఎంత, ఒక వైపు పూతా రెండు వైపులా, ఏ పాలిమర్ అన్నది రిపోర్టులో వస్తుంది.

ఈ గొడవ ఈనాటిది కాదు. హెచ్‌డీపీఈ టేపులు, వాటితో నేసిన సంచులు ప్లాస్టిక్ వస్తువులేనని 1990లో రాజ్ ప్యాక్‌వెల్ కేసులో మధ్యప్రదేశ్ హైకోర్టు చెప్పింది. అది ఎక్సైజ్ కేసు. ఎరువుల సంచి, బియ్యం సంచి ప్లాస్టిక్ కింద 3923లో ఉండాలా, జౌళి కింద 6305లో ఉండాలా అన్న వాదన ఆ తర్వాత కూడా సాగుతూనే ఉంది. జీఎస్టీ వచ్చాక మళ్లీ తెర మీదికొచ్చింది. పాలీప్రొపిలీన్ నేసిన సంచులు, బీఓపీపీ లామినేట్ చేసినవి 3923 కిందే 18 శాతమని 2018 డిసెంబర్ 31న కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. లామినేట్ చేయని సంచుల్ని వాటి పదార్థాన్ని బట్టి చూడాలని అందులోనే ఇంకో మాట పెట్టడంతో అనుమానం మిగిలిపోయింది. చివరికి 2019 డిసెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్ 3923 అయినా, 6305 అయినా పాలిథిలీన్, పాలీప్రొపిలీన్ పట్టీల సంచులన్నిటికీ ఒకటే 18 శాతం అని తేల్చేసింది. 2020 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ముడి విప్పలేక తాడే కోసేసినట్టయింది. కానీ అది జీఎస్టీ వరకే. దిగుమతి సుంకం దగ్గర గూడు ఏదన్న ప్రశ్న అలాగే ఉంది.

డ్రిప్ పైపు కూడా ఇలాంటిదే. లాటరల్ విడిగా చూస్తే పైపు. డ్రిప్ సిస్టమ్‌లో భాగంగా చూస్తే 8424. సిస్టమ్‌తో కలిపి కాకుండా విడిగా అమ్మినా, డ్రిప్ లేదా స్ప్రింక్లర్‌కే పనికొచ్చే లాటరల్, భాగాలకు 8424 రేటే వర్తిస్తుందని 2021 జూన్ 17 నాటి సర్క్యులర్ చెప్పింది. ఎక్కడైనా వాడే సాధారణ భాగమైతే దాని హెడ్డింగ్ రేటే. అప్పట్లో ఆ రేటు 12 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి డ్రిప్, స్ప్రింక్లర్ల మీద 5 శాతానికి తగ్గింది. మామూలు పీవీసీ పైపు మాత్రం 18 శాతం దగ్గరే ఉంది. అంటే రైతు కట్టే బిల్లులో 13 శాతం తేడా ఆ పైపు దేనికోసం తయారైందన్న దాని మీదే ఆధారపడి ఉంది.

కోత కోస్తే కోడ్ మారుతుంది

ప్లాస్టిక్ షీటు రోల్‌గా వచ్చినా, చతురస్రంగా, దీర్ఘచతురస్రంగా కోసి వచ్చినా 3920 లేదా 3921లోనే ఉంటుంది. అదే షీటుని గుండ్రంగానో, యంత్రానికి సరిపడే ఆకారంలోనో కోసి, రంధ్రాలు వేసి తెస్తే అది షీటు కాదు, వస్తువు. 39వ చాప్టర్ నోట్ 10 గీసిన గీత ఇది. గొట్టాల విషయంలోనూ ఇలాంటి కొలతే ఉంది. లోపలి ఖాళీ దీర్ఘచతురస్రంగా ఉండి పొడవు వెడల్పుకి ఒకటిన్నర రెట్లు మించితే దాన్ని పైపు అనరు, ప్రొఫైల్ అంటారు. చదునుగా చుట్టి వచ్చే లే-ఫ్లాట్ ట్యూబ్ మాత్రం పైపే.

స్క్రాప్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఒకే రకం థర్మోప్లాస్టిక్ వ్యర్థాన్ని గ్రాన్యూల్స్‌గా మార్చి తెస్తే అది 3915 కాదు, ముడి రూపం కిందికి వస్తుంది. మార్చకుండా తెస్తే స్క్రాప్. ఇక్కడ కోడ్ తప్పితే సుంకంతో పోదు. 2019 మార్చి 1న ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు సవరించి ఘన ప్లాస్టిక్ వ్యర్థాల దిగుమతిని కేంద్రం నిషేధించింది. సరుకు పోర్టులోనే చిక్కుకుంటుంది.

గూడు తేలకపోతే ఏ నియమం?

టారిఫ్‌లో అర్థం చెప్పుకోవడానికి 6 నియమాలున్నాయి. వరుస తప్పకూడదు. హెడ్డింగ్‌లో ఏం రాసుంది, సెక్షన్, చాప్టర్ నోట్స్ ఏం చెప్తున్నాయన్నది మొదటి నియమం. చాలా కేసులు ఇక్కడే తెగిపోతాయి, తెగాలి కూడా. విడదీసి డబ్బాల్లో పెట్టి తెచ్చిన యంత్రం కూడా పూర్తి యంత్రమేనని రెండోది. రెండు హెడ్డింగులు సరిపోతే మూడోది వస్తుంది. స్పష్టంగా పేరున్న హెడ్డింగ్‌కి మొదటి ఓటు. అదీ కాకపోతే వస్తువుకి అసలు లక్షణాన్ని ఇచ్చేదేదో దానికి. అదీ తేలకపోతే నంబర్లలో ఆఖరిది. నేరుగా ఆఖరి దానికి దూకడం చాలామంది చేసే పని.

తప్పు పడితే ఏమవుతుంది?

2011 నుంచి సుంకాన్ని దిగుమతిదారే లెక్కగట్టుకుని బిల్ ఆఫ్ ఎంట్రీ వేయాలి. కాగితాలు చూసే ఆఫీసర్ మీ ఊరికి దగ్గర్లో ఉండాల్సిన పని కూడా లేదు. 2020లో వచ్చిన ఫేస్‌లెస్ విధానంలో సరుకు హైదరాబాద్ సనత్‌నగర్ డిపోకి వచ్చినా, పరిశీలన ఇంకో నగరంలో జరగొచ్చు. అందుకే బిల్లులో వర్ణన ఆ సరుకుని చూడని మనిషికి కూడా అర్థమయ్యేలా ఉండాలి. పదార్థం, కొలత, పూత, దేనికి వాడతారు అన్నీ రాయాలి.

సుంకం తగ్గిందని తర్వాత తేలితే కస్టమ్స్ చట్టం 28వ సెక్షన్ కింద మామూలుగా 2 ఏళ్ల లోపు నోటీసు ఇవ్వొచ్చు. కావాలని దాచారని అంటే 5 ఏళ్ల వరకు వెనక్కి వెళ్లొచ్చు. అప్పుడు ఎగ్గొట్టిన సుంకం, 15 శాతం వడ్డీతో పాటు సుంకమంత పెనాల్టీ కూడా పడొచ్చు. నోటీసు అందిన 30 రోజుల్లో సుంకం, వడ్డీ, 15 శాతం పెనాల్టీ కట్టేస్తే కేసు అక్కడితో ముగుస్తుంది.

ఇక్కడ సుప్రీంకోర్టు మాటలు మూడు తెలిసి ఉండాలి. ఫలానా కోడ్ కిందికి వస్తుందని నమ్మి రాసినంత మాత్రాన అది తప్పుడు సమాచారం కాదని నార్తర్న్ ప్లాస్టిక్స్ కేసులో 1998లో చెప్పింది. సరుకు వర్ణన నిజంగా ఉండాలి, అంతే. వేరే కోడ్ కిందికి వస్తుందని డిపార్ట్‌మెంట్ అంటే, నిరూపించాల్సిన బాధ్యత డిపార్ట్‌మెంట్‌దేనని 1996 గార్వారే నైలాన్స్ తీర్పు. కానీ మినహాయింపు నోటిఫికేషన్ అడిగితే ఈ బరువు తిరగబడుతుంది. 2018 జులై 30న దిలీప్ కుమార్ కేసులో అయిదుగురు జడ్జిల బెంచ్, మినహాయింపులో అనుమానం ఉంటే లాభం ప్రభుత్వానికేనని తేల్చింది. అది పశువుల దాణాలో కలిపే విటమిన్ పౌడర్ మీద వచ్చిన కేసు. ప్లాస్టిక్ వ్యాపారికీ అదే సూత్రం.

ఆర్డర్ మీద ఒప్పుకోకపోతే 60 రోజుల్లో కమిషనర్ అప్పీల్స్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆ తర్వాత హైదరాబాద్‌లోనే సెస్టాట్ బెంచ్ ఉంది. అప్పీలుకి ముందు వివాదంలో ఉన్న సుంకంలో 7.5 శాతం కట్టాలి.

సరుకు ఆర్డర్ పెట్టక ముందే తేల్చుకునే దారి కూడా ఉంది. ఢిల్లీ, ముంబైల్లో కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీలు 2021 నుంచి పనిచేస్తున్నాయి. ఫీజు 10,000 రూపాయలు. మూడు నెలల్లో నిర్ణయం రావాలని చట్టం చెప్తుంది. వచ్చిన రూలింగ్ చట్టం, వాస్తవాలు మారనంత వరకు నిర్ణీత కాలం పాటు చెల్లుతుంది. ఏడాదికి ఒకే ఒక్క కంటెయినర్ తెప్పించేవారికి ఇది కాస్త ఎక్కువే. ఒకే సరుకు మళ్లీమళ్లీ తెప్పించేవారికి పైన చూసిన 82,500 రూపాయల లెక్కతో పోలిస్తే చవక. సరుకు వచ్చేసి, కోడ్ తేలక ఆగిపోతే ప్రొవిజనల్ అసెస్‌మెంట్ అడగొచ్చు. బాండ్ ఇచ్చి సరుకు విడిపించుకుని, ల్యాబ్ రిపోర్టు వచ్చాక తుది లెక్క కట్టుకోవచ్చు. క్లియరెన్స్ అయిపోయాక తప్పు తెలిస్తే తనంతట తానే సరిదిద్దుకునే వీలు 2025 ఫైనాన్స్ చట్టం 18ఏ సెక్షన్‌తో తెచ్చింది. నోటీసు రాకముందే ఆ పని చేయడం మంచిది.

ఏ దారిలో వెళ్లినా సప్లయర్ క్యాటలాగ్, టెక్నికల్ డేటా షీట్, పూత, పట్టీ వెడల్పు రాసిన సర్టిఫికెట్, చిన్న శాంపిల్ ముక్క కనీసం అయిదేళ్లు దాచుకోవాలి. కొన్నేళ్ల తర్వాత నోటీసు వచ్చినప్పుడు ఆ సరుకు ఏ పొలంలోనో చిరిగిపోయి ఉంటుంది, కొలవడానికి ఆ ముక్కే మిగులుతుంది.